ఆయన పేరు మీద పడిన ప్రకటన

నేను భజన మఠంలో ఉభయం ఇచ్చినవాళ్ల పేరు పడే చోటును ఒక కంపెనీకి ఇచ్చేశానని ఊళ్లో అనుకుంటున్నారని మొదట నా చెవిన వేసింది మా వీధిలో పూలమ్మే ఆమె. రోజూ పొద్దున మూర పూలు కొలిచి గడప మీద పెట్టి, నేను దీపం వెలిగించేదాకా నిలబడి, లోపలికి చూసి దండం పెట్టుకుని పోతుంది. ఆ సోమవారం దండం పెట్టుకున్నాక కూడా కదల్లేదు. బుట్టను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

“నేను చెప్పినట్టు ఎవురికీ చెప్పొద్దక్కా. మొన్న సనివారం నువ్వు ఆ ముసలామె ఉబయం తీసేసి కంపెనీవోళ్ల పేరు పెట్టినావంట. బజార్లో అంటాండారు. నేను నమ్మలేదులే.”

“నీకు పుణ్యముంటుంది,” అన్నాను.

ఆ మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా నాన్న నేర్పిన మాట. నీళ్లు తెచ్చి ఇచ్చినా, దారి చెప్పినా, చివరకు మన మీద పడిన నింద చెప్పినా, చెప్పినవాళ్లు మనకోసం కొంత శ్రమపడ్డారు గదా, దానికి ఒక మంచి మాట అనాలనేవాడు. ఆమె వెళ్లిపోయాక పూలు పటానికి పెట్టబోతే చేయి లేవలేదు. నేనేమీ అమ్ముకోలేదని స్వామికి తెలుసు. అయినా ఆయన ముందు నిలబడటానికి సిగ్గేసింది. చేయని పనికి కూడా మనిషి ఇంత సిగ్గుపడుతుందని అంతవరకు నాకు తెలియదు.

మా కోవిల్‌పట్టిలో పెరటాసి అనే తమిళ నెల శనివారాలంటే తెలుగు మాట్లాడే ఇళ్లలో పెద్ద నియమం. సాయంత్రం భజన మఠంలో ఆడవాళ్లంతా చేరి పాడతాం. ఒక్కొక్క శనివారం పూలు, నూనె, ప్రసాదానికి సుండలనే శనగ గుగ్గిళ్లు ఒక ఇంటివాళ్లు చూసుకుంటారు. దాన్ని ఉభయం అంటాం. ఆ ఇంటి పెద్దల పేరు ఆ సాయంత్రమంతా స్వామి పక్కన కనబడాలి. ఇదివరకు దీపం దగ్గర పలక మీద సుద్దతో రాసేవాళ్లం.

మా పాటలు తెలుగువి, మా అక్షరాలు తమిళానివి. ఎన్ని తరాల కిందట వచ్చారో తెలియని మావాళ్లు భాషను నోట్లో పెట్టుకుని తెచ్చారు గానీ రాతను తేలేదు. నాకు చిన్నప్పుడు కాలు బాగుండక బడికి పంపలేదు. మా నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, తమిళం ఒక పూట, తెలుగు ఒక పూట నేర్పాడు. నేను చదువుకున్న బడి మా వంటింటి గట్టు. ఆ రెండు పూటల పుణ్యాన నాకొక పని దొరికింది. తెలుగు పాటలను తమిళ అక్షరాల్లోకి మార్చి అందరికీ రాసి ఇవ్వడం. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి మావాళ్లలో సగం మంది కోవిందా అంటారు. ఆయన పలుకుతూనే ఉన్నాడు.

రెండేళ్ల కిందట మా తమ్ముడు మఠానికి ప్రొజెక్టర్ ఇచ్చాడు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు అరచేయంత అక్షరాలు గోడ మీద పడితే ఎంత సంతోషమో చెప్పలేను. పాత కంప్యూటర్ పాడైతే ఈ ఏడు కొత్తది విరుదునగర్‌లో ఒక కొట్టులో విడిభాగాలు కూర్పించి తెచ్చాం. అది మఠంలోనే ఒక మూల బల్ల మీద ఉంటుంది. తంబూరా శ్రుతి కోసం దానికి నెట్ పెట్టాం. గోడ మీద మధ్యలో పాట, కింద కుడిమూల ఉభయం వాళ్ల పేరు. పలక పోయినా ఆ చోటు మాత్రం పోకూడదని నేనే ఆ మూల ఎంచాను. ఆ చోట ఇంకో మాట రాకూడదన్నది అందరికీ తెలిసిన కట్టుబాటు.

ఆ శనివారం ఉభయం మా వీధి చివరి ముసలామెది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఒకప్పుడు అగ్గిపెట్టెల తయారీలో పనిచేసినవాళ్లు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆమె ఇప్పుడు శెనక్కాయ మిఠాయి చేసే చోట పొట్లాలు కడుతుంది. పెద్ద ఇళ్లవాళ్లు ముందే శనివారాలు పట్టుకుంటారు గనుక ఆమెకు వంతు రావడానికి ఏళ్లు పట్టింది.

ఏ పేరు వేయాలో కనుక్కుందామని రెండు రోజుల ముందు ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె నవ్వి, ఎడమచేతి మీది కొంగు తొలగించి చేయి చాపింది. మోచేతి కింద పచ్చబొట్టు. పెళ్లయిన కొత్తలో పొడిపించుకున్న భర్త పేరు, ఆకుపచ్చ రంగు వెలిసి తమిళ అక్షరాలు ఒకదాని వైపు ఒకటి కొంచెం కరిగి ఉన్నాయి. మావాళ్లలో ఆ వయసు ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. రేషన్ కొట్టులోనైనా, ఆస్పత్రిలోనైనా ఎవరైనా అడిగితే ఆమె చేయి చూపిస్తుంది.

“నా నోటితో ఆ మాట ఎప్పుడూ అనింది లేదమ్మా,” అంది. “నాకు చదవను రాదు. గోడ మీద ఉంటే అందురూ చదువుతారు గదా. అంతే నాకు.”

నేను ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుని అక్షరాలు రాసుకున్నాను. ఆ చర్మం చల్లగా, బెల్లం వాసన వేస్తూ ఉంది.

శనివారం ఆమె గోడకు అందరికన్నా దగ్గరగా కూర్చుంది. మొదటి పాట మొదలైంది. ఆమె పాడటం లేదని నేను చూశాను. కొంగు కిందినుంచి చేయి బయటికి తీసి, చేతి మీది ఒక అక్షరాన్ని, గోడ మీది ఒక అక్షరాన్ని మార్చి మార్చి చూసుకుంటోంది. వేలు ఒక అక్షరం మీద పెట్టి, తల ఎత్తి, మళ్లీ దించి. అలా రెండో అక్షరమో మూడో అక్షరమో దగ్గర ఉండగా గోడ కుడిమూలలో ఒక రంగుల పెట్టె లేచింది.

అందులో ఒక డాలు బొమ్మ. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక విదేశీ పిల్ల నవ్వుతోంది. ఇంగ్లీషులో ఒక కంపెనీ పేరు, కంప్యూటర్‌కు రక్షణ కొనుక్కోమని, ఈ వారమే తగ్గింపు అని. అది సరిగ్గా ఆయన పేరు మీద పడింది.

గబగబా లేచి మౌసు పట్టుకున్నాను. గుణకారపు గుర్తు నొక్కితే పెట్టె పోయింది. ఊపిరి తీసుకునేలోగా మళ్లీ వచ్చింది. పాట ఆగిపోయింది. వెనక వరుసలో ఎవరో ఆ ఇంగ్లీషు పేరును కూడబలుక్కుని చదివారు. ఇంకెవరో మెల్లగా, “ఈరోజు ఎవురిది ఉబయం? కంపెనీదా?” అన్నారు. కొందరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఆ పిల్ల మొహం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ముసలామె నా వైపు చూసింది. నేను గుణకారపు గుర్తు వెతుక్కుంటున్నాను. మళ్లీ తల ఎత్తేసరికి ఆమె చేతి మీద కొంగు కప్పేసుకుంది.

చివరకు ప్రొజెక్టర్ ఆపేసి నోటికి వచ్చిన పాటలు పాడి హారతి ఇచ్చాం. ఆమె చేసిన సుండలు ఆమే అందరికీ పంచింది. నా దొప్పలో అందరికన్నా ఎక్కువ వేసింది.

సోమవారం పూలామె మాట విన్నాక మధ్యాహ్నం ముసలామె ఇంటికి పోయాను. నేను కావాలని చేయలేదని, అది ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదని చెప్పుకున్నాను. నాకన్నా ఆమె ఎక్కువ సిగ్గుపడుతోంది. పీట వాల్చి, కాళ్లు ముడుచుకుని గోడకు ఒదిగి కూర్చుంది.

“దానికేందమ్మా. పెద్ద కంపెనీవోళ్లు వచ్చినప్పుడు మాలాంటోళ్లు జరగల్సిందే గదా. ఆయన బతికిన్నాళ్లూ అంతే. బస్సులో కూర్చునుంటాడు, ఎవురైనా తెల్లచొక్కా ఎక్కితే లేసి నిలబడతాడు. వాళ్లు అడగను కూడా అడగరు.”

అది కంపెనీ ఉభయం కాదని నేను ఎంత చెప్పినా ఆమె తల ఊపుతూనే ఉంది, నన్ను ఊరుకోబెట్టడానికి ఊపినట్టు. ఈ నెలలో ఇంకొక్క శనివారం ఉంది, మళ్లీ వేస్తానన్నాను. వేండామ్మా, వద్దులే అంది. ఒకసారి చూసుకున్నాను గదా, చాలంది. ఆ చేతిని కొంగులోంచి బయటికి తీయలేదు. నేను ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, పుణ్యముంటుందని చెప్పి వచ్చేశాను. వీధిలో నడుస్తుంటే ఎవరు నా వైపు చూసినా తల దించుకున్నాను.

విరుదునగర్ కాలేజీకి రోజూ బస్సులో పోయి వచ్చే మా తమ్ముడి కూతురు ఆ సాయంత్రం సంగతి తనే చూస్తానంది. కంప్యూటర్ నాకు నేర్పింది ఆ పిల్లే. నేనేదో నొక్కి ఉంటానని మొదట వేళాకోళం చేసింది. తరువాత పాటలన్నీ వేరే చోట దాచి, డిస్కు మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించింది. కడిగిన పళ్లెంలాగా అయింది అత్తా, ఇంక ఏమీ లేదు అంది. నేను తెరకు దండం పెట్టుకున్నాను. శ్రుతి కోసం నెట్ కలిపింది. శ్రుతి ఇంకా రాకముందే కుడిమూలలో పెట్టె లేచింది. అదే డాలు, అదే నవ్వు.

మా పిల్ల చాలాసేపు ఫోన్‌లో వెతికింది. వెతికినకొద్దీ దాని మొహం మారింది.

“అత్తా, ఇది డిస్కులో లేదు. మదర్‌బోర్డులోనే ఉండాది. తయారుచేసేటప్పుడే లోపల పెట్టేసినారు. ఎన్నిసార్లు తుడిచినా బోర్డు మళ్లీ ఎక్కిస్తానే ఉంటాది. కొన్నోళ్లంతా తిడతాండారు చూడు. ఏయే ఊళ్లవాళ్లో.”

చూశాను. మాకు తెలియని ఊళ్లలో మాకు తెలియని మనుషులు, డబ్బు పెట్టి కొన్న వస్తువులోంచి ఎవరో మాతో వ్యాపారం చేస్తున్నారేమిటని కోపంగా రాస్తున్నారు. కొందరు బోర్డులు వాపసు ఇచ్చేశారట. కొందరు ఇంక ఆ కంపెనీది కొనమని రాశారు. బోర్డు సొంత అమరికల్లోకి పోయి దాన్ని ఆపేయవచ్చని కూడా ఎవరో రాశారు. అక్కడ చేయి పెడితే గ్యారంటీ పోతుందేమోనని మా పిల్ల జంకింది. నాకు మాత్రం ఒక్కటే తోచింది. నేను చేయలేదని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. ఆ కొట్టు యజమాని నోటితో, మఠం వ్యవహారాలు చూసే పెద్దావిడకు ఒక మాట చెప్పించాలి.

బుధవారం మా పిల్ల కాలేజీ మానేసింది. కంప్యూటర్ పెట్టెను పాత దుప్పటిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సాత్తూరు దాటేదాకా దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకునే ఉన్నాను. కండక్టర్ వచ్చి, బిడ్డకు టికెట్ అక్కర్లేదా అని తమిళంలో అడిగాడు. ఒళ్లో పిల్లకు టికెట్ ఉండదు గదా అన్నాను. పిల్ల ఏడవట్లేదే, మంచి పిల్ల అన్నాడు. మా పిల్ల నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఎక్కడికి ఎందుకు పోతున్నానో గుర్తొచ్చి దుప్పటిని ఇంకాస్త బిగించి పట్టుకున్నాను. కొట్టువాడి దగ్గరికి పోయి నీ సరుకు బాగాలేదనడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. మెత్తబడిన వంకాయలు వచ్చినా మా అమ్మ బాగాలేనివి కోసి పారేసి మిగతావి వండేది గానీ వాపసు పంపేది కాదు.

యజమాని మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. విషయం వినగానే, ఆ కంపెనీ బోర్డులన్నిటికీ అలాగే వస్తుందమ్మా, ఉచితంగా ఇచ్చే సౌకర్యం అది, వచ్చినప్పుడల్లా మూసేస్తే సరిపోతుంది అన్నాడు. అంటే అతనికి ముందే తెలుసు. నేను నీకు పుణ్యముంటుంది నాయనా అని చెప్పి, దుప్పటి మళ్లీ చుట్టుకుని మెట్ల దాకా వచ్చేశాను.

మా పిల్ల మెట్ల మీద నిలబడిపోయింది.

“ఎందుకత్తా వానికి పుణ్యం? ఏం చేసినాడని?”

ఎండలో ఆ మెట్ల మీద నిలబడి, ఇన్నేళ్లుగా ఎంతమందికి ఆ మాట ఊరికే పంచిపెట్టానో అనిపించింది. కృతజ్ఞత వేరు, అక్కడినుంచి తొందరగా బయటపడాలన్న ఆత్రం వేరు. నా నోట్లో రెండూ ఒకే మాటగా వస్తున్నాయి. నాన్న నేర్పింది ఇది అయి ఉండదు. వెనక్కి వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాను.

“నాయనా, నేను అడగనిది ఒకటి ఇందులో పెట్టి అమ్మినావు,” అన్నాను తమిళంలో. “అది ఉందని నాకు చెప్పలేదు. చెప్పుంటే ఆరోజే వద్దనేదాన్ని. ఇప్పుడు వద్దంటున్నాను. దాన్ని తీసేసేదాకా నేనిక్కడే కూర్చుంటాను.”

అతను ఏదో అనబోయేలోగా పక్కన నిలబడిన ఒకావిడ మా పిల్ల వైపు తిరిగి, “మీరు మనోళ్లా?” అంది తెలుగులో. వెంబకోట్టై వైపునుంచి వచ్చిన మనిషి, టపాకాయల పెట్టెల మీద అంటించే లేబుళ్లు కంప్యూటర్‌లో గీసి ఇస్తుందట. అదే బోర్డు, అదే పెట్టె, అదే హెడ్‌ఫోన్ల పిల్ల.

“నా మొగుడు ఏందేందో చూస్తాండాడు, అందుకే ఇట్లాంటివి వస్తాండాయని నేను ఆయన్ను ఎంత తిడితినో. మూడు దినాలు మాట్లాడలేదు. పాపం, ఆ మనిషి సామి మీద ఒట్టేసినా నమ్మలేదు.” చెబుతూ చెబుతూ నవ్వి, నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నేనూ కూర్చుంటా.”

ఆమె నా పక్కన నేల మీదే చతికిలబడింది. వచ్చేపోయేవాళ్లు ఏమైందని అడగడం, ఆమె మొదటినుంచి చెప్పడం. ఒక్కోసారి ఆమె మొగుడిని ఇంకొంచెం ఎక్కువ తిట్టినట్టు చెప్పింది. కీబోర్డు కొనడానికి వచ్చిన ఒకతను తన దగ్గరా ఇదే గొడవ అని నిలబడిపోయాడు. ఇంతవరకు ఎవరికి వారు, ఇది తమ ఇంట్లోనే వచ్చిన రోగమనుకుని దాచుకున్నారు. యజమాని మెడ తుడుచుకుంటూ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి గట్టిగా వినబడేలా పెట్టాడు. అటునుంచి ఒక అమ్మాయి ఇంగ్లీషులో చాలా తీయగా మాట్లాడింది. మా పిల్ల జవాబు చెప్పింది. మీకు కలిగిన అసౌకర్యానికి బదులుగా అదే రక్షణ సాఫ్ట్‌వేర్ మీద ఇంకా ఎక్కువ తగ్గింపు ఇస్తామని అవతలి అమ్మాయి అందట. మా పిల్ల అది తమిళంలో చెప్పగానే కొట్టంతా నవ్వింది. యజమాని నవ్వలేదు. అతని మొహం ఎర్రబడింది. తన కొట్టులో తన కొనుగోలుదారుల ముందు తననే ఎవరో వేళాకోళం చేసినట్టు అనిపించిందేమో.

ఫోన్ పెట్టేసి నా పెట్టెకు తీగలు తగిలించి, అది మేల్కొనేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుని, ఎక్కడో లోపలి పేజీలో ఒక వరుసను మార్చాడు. ఎక్కినదాన్ని తీసేశాడు. నెట్ కలిపి మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూపించాడు. కుడిమూల ఖాళీగా ఉంది. వెంబకోట్టై ఆవిడకు రేపు పెట్టె తెమ్మన్నాడు. తను ఇదివరకు అమ్మినవాళ్లందరికీ ఫోన్‌లో కబురు పెడతానని, ఇకమీద దీన్ని ఆపి గానీ అమ్మనని మాటిచ్చాడు. ఇలాగే వస్తుంటే ఈ బోర్డులే వద్దని సరుకు పంపేవాళ్లతో అప్పుడే మా ముందే మాట్లాడాడు. తరువాత నేను అడిగినట్టు మఠం పెద్దావిడకు ఫోన్ చేసి, ఆ ప్రకటన యంత్రంలోనే వచ్చింది, ఈ అమ్మ తప్పేమీ లేదని చెప్పాడు. ఈసారి నేను పుణ్యముంటుందని అన్నప్పుడు మా పిల్ల అభ్యంతరం చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున పూలామె ఒక మూర ఎక్కువే కొలిచింది. బజార్లో అందరికీ తెలిసిపోయిందక్కా, నీ మీద మాట లేదు అంది. నేను పటం ముందు నిలబడి పూలు పెట్టాను. చేయి లేచింది. నా పేరు బాగుపడింది.

నా పేరు. అక్కడ ఆగిపోయాను. ఆ బస్సులో పెట్టెను పొదివి పట్టుకుని పోయింది ఎవరి కోసం? కొట్టులో కూర్చుని సాక్షి అడిగింది ఎవరి కోసం? యజమాని చేత నా తప్పు లేదని చెప్పించాను గానీ, ఆ శనివారం ఎవరి ఉభయమో చెప్పించలేదు. ఇంకా లోపలికి పోతే ఇంకొకటి ఉంది. ఆరోజు వెనక వరుసలోంచి ఎవరిది ఉభయమని అడిగారు. ముసలామె నోటితో చెప్పలేదు, అది ఆమె నియమం. చెప్పలేక నా వైపు చూసింది. ఆయన పేరు ఆమె చేతి మీదినుంచి రాసుకున్న మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే. ఒక్కసారి గట్టిగా అని ఉంటే సరిపోయేది. ప్రకటన గోడను మూయగలదు గానీ నా నోటిని మూయలేదు. నేను గుణకారపు గుర్తు వెతుక్కుంటూ నిలబడ్డాను. నెల తిరిగినా ఆ సిగ్గు నన్ను విడవలేదు. విడవాలని నేను మొక్కుకోవడం కూడా లేదు.

చివరి శనివారం మా తమ్ముడి ఇంటి ఉభయం. మా నాన్న పేరు రావాలి. ఆ చోటు మీకు ఇస్తామని ముసలామెకు చెప్పడానికి వెళ్తే ఆమె ఒప్పుకోలేదు. మీ నాయన్ను జరగమనద్దమ్మా, ఆయన పుణ్యాన గదా మేమందరూ పాడతాండేది అంది. అప్పుడు మా పిల్ల, రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వేస్తే గోడకేమైనా బరువా అని అడిగింది. ఇంత చిన్న మాట మా ఇద్దరికీ తోచలేదు. ఆమె, మీ నాయన పేరు పైన అయితే సరి అంది.

ఆ సాయంత్రం ఆమె వెనక వరుసలో కూర్చుంది. మా పిల్ల పోయి చేయి పట్టుకుని ముందుకు తెచ్చింది. గోడ మీద వెలుగు పడింది. పాట మొదలుపెట్టకముందు నేను లేచి నిలబడ్డాను. అంతమందిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఆయన పేరు, ముందే వీధిలో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న ఆయన తండ్రి పేరు, ఒట్టపిడారం దగ్గర ఆయన పుట్టిన పల్లె పేరు గట్టిగా చెప్పాను. పోయిన శనివారం ఉభయం ఆయనదేనని, అది మధ్యలో ఆగిపోయింది గనుక ఈరోజు పూర్తవుతుందని చెప్పాను. అందరూ గోవిందా అన్నారు, సగం మంది కోవిందా అన్నారు.

ఆమె కొంగు తొలగించి చేయి బయటికి తీసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి తల ఎత్తింది. ఒక్కొక్క అక్షరమే. చివరి అక్షరం దాకా పోయింది, మళ్లీ మొదటికి వచ్చింది. హారతి దాకా ఆ మూలలో ఇంకేమీ రాలేదు. పాడుతూనే నేను ఆ మూలనే కాపలా కాశాను. ఇప్పటికీ ప్రతి శనివారం నా కళ్లు ముందు అటే పోతాయి.

ప్రసాదం పంచేటప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. నా కోసం అంత దూరం పోయి కొట్లాడినావంట, నీకు శానా ఇబ్బంది పెట్టితినమ్మా అంది. ఆమె నాకు క్షమాపణ చెబుతోంది. నాకు బాగా అలవాటైన ఆ మాట ఈసారి నేను అనలేదు. ఆమె నా చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, “వినపడింది,” అంది. అంతే అని వెళ్లిపోయింది.

తరువాత కొన్నాళ్లకు ఆ కంపెనీ తన బోర్డుల్లో ఆ పెట్టె తనంతట తాను లేవకుండా, ముందు అడిగేలాగా మార్చిందని మా పిల్ల చదివి చెప్పింది. ఎవరి కోపానికి మార్చారో మాకు తెలియదు. ఏయే ఊళ్లలోనో రాసిన ఆ మనుషులకు, నేల మీద చతికిలబడిన వెంబకోట్టై ఆవిడకు, మెడ తుడుచుకున్న ఆ యజమానికి కూడా నేను దీపం దగ్గర కృతజ్ఞత చెప్పుకుంటాను. ఇప్పుడది ఊరికే అనే మాట కాదు.

ఒక సంగతి మాత్రం ఆ చివరి శనివారం ఇంటికి వచ్చాక తోచింది. ఆయన పేరు ఆమె చేతి మీద ఉంది, గోడ మీద పడింది, అందరి చెవినా పడింది. ఆమె పేరు ఎక్కడా పడలేదు. ఉభయంలో ఆడవాళ్ల పేరు వేసే అలవాటు మాకు లేదు, నేనూ అడగలేదు. ఇక్కడ రాస్తానంటే వేండామ్మా, నాకు సిగ్గు అంది. కాబట్టి రాయడం లేదు. చదివినవాళ్లను ఒకటే అడుగుతున్నాను. మీ తెర మీద మీరు పిలవనిది ఏదైనా లేచి, కింద ఉన్నదాన్ని కప్పేసినప్పుడు, దాన్ని మూసేసే ముందు కోవిల్‌పట్టిలో బెల్లం వాసన వేసే చేతుల ఆ ముసలామెను ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా పరవాలేదు. తలుచుకుంటే ఆమెకు చేరుతుంది.